గ్రహణమేల తప్పదు? వానయేల తప్పును?

ఉగాదినాడు పంచాంగశ్రవణమునకు కూడిన పెద్దలలో ఎవరో యొకరు ఈ ప్రశ్న వేయుట మన సీమలో పరిపాటి. "అయ్యా! గ్రహణము పట్టువేళ, విడుచువేళ ఘడియ విఘడియలతో వ్రాసినారు. అది తప్పదు. ఈ యేట ఇన్ని తూముల వాన యనియు వ్రాసినారు. అది యేల తప్పుచున్నది?" వినువారు నవ్వుదురు, పంచాంగము చదువువారును నవ్వుదురు, ప్రసాదము పంచిపెట్టుటతో ప్రశ్న ముగియును.

కాని ఇది నవ్వి విడువదగిన ప్రశ్న కాదు. సూర్యచంద్రులకు నియమమున్నట్లే గాలికిని నీటికిని నియమమున్నది. రెండును ప్రకృతి ధర్మములకు లోబడినవే. అట్లయిన ఒక లెక్క కుదిరి మఱియొక లెక్క చెడుటకు కారణమేమి? దీనిని వెదకుచు పండితులు నూఱేండ్లకు పైగా శ్రమించిరి. ఆ శ్రమ నుండి పుట్టిన విద్యకు 'కేయాస్' సిద్ధాంతమని పేరు. కల్లోల సిద్ధాంతమని మనము తెనిగించుకొనవచ్చును. దాని చరిత్రను, నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు సేద్యగానికి దానితో గల సంబంధమును మన గ్రంథాలయ చదువరులకు విన్నవించుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

ఆకాశపు లెక్క

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణచ్ఛాయ మన తెలుగునేల మీదుగా సాగెను. దానిని చూచుటకై ఫ్రాన్సు దేశము నుండి పియెర్ జాన్సెన్ అను పండితుడు గుంటూరు చేరి, యంత్రములు నిలిపి వేచియుండెను. సూర్యుని అంచున ఎగయు జ్వాలల కాంతిని ఆతడు పరీక్షించినది అచ్చటనే. సముద్రములు దాటి వచ్చిన ఆ మనుష్యునకు గ్రహణము పట్టు క్షణము ముందే తెలియును. కాని అది శ్రావణ భాద్రపదముల కాలము. ఆ క్షణమున మబ్బు కమ్మునో కమ్మదో మాత్రము ఆతనికి గాని, ఆతనికి ఆతిథ్యమిచ్చిన వారికి గాని తెలియదు. మన ప్రశ్న యంతయు ఆ గుంటూరు ఆకాశముననే యున్నది.

ఆకాశపు లెక్క యెంత గట్టిదో చూడుడు. ఆస్ట్రియా దేశీయుడైన ఒప్పోల్జర్ 1887లో ప్రకటించిన గ్రంథమున క్రీస్తునకు పూర్వము 1208 మొదలు క్రీస్తుశకము 2161 వరకు సుమారు 8,000 సూర్యగ్రహణములకు లెక్క కట్టియుంచెను. 1980 ఫిబ్రవరి 16న మరల సంపూర్ణ గ్రహణము తెలుగునేలపై నడచినపుడు, ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల-రంగాపూరు వేధశాల యొద్ద పండితులు ముందే చెప్పిన వేళకు ముందే చెప్పిన చోట నిలిచి దానిని దర్శించిరి.

వాన లెక్క

వాన లెక్కకు మూలము మన కన్నీరు. ధాత, ఈశ్వర సంవత్సరముల కరవు, అనగా 1876 నుండి 1878 వరకు సాగిన మహాక్షామము, కర్నూలు, బళ్ళారి, కడప సీమలను పీల్చి పిప్పిచేసెను. భారత వాతావరణశాఖ 1875లోనే ఏర్పడియుండెను. ఈ క్షామానంతరము ఆ శాఖాధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ హిమాలయముల మంచునకు, వర్షమునకు గల సంబంధమును గమనించి, 1886 నుండి ఏటేట ఋతుపవనములను గూర్చి ముందుగా చెప్పు పద్ధతిని నెలకొల్పెను. 1904 నుండి 1924 వరకు ఆ పదవి నిర్వహించిన గిల్బర్టు వాకర్ స్వతహాగా గణితవేత్త. ఆతడు లోకమున పలుచోట్ల వాయుపీడనము, వర్షము, ఉష్ణము సేకరించి, ఒకదానితో నొకటి సరిచూచి, పసిఫిక్ సముద్రపు రెండు దెసల నడుమ పీడనము త్రాసువలె ఊగుచున్నదని కనుగొనెను.

ఇన్ని యేండ్ల కృషి జరిగినను, 2002లో వర్షము సామాన్యముగా నుండునని శాఖ ప్రకటింపగా, ఆ జూలైలో దేశమంతట కురిసినది మామూలులో ఇంచుమించు సగమే. ఋతువు మొత్తమున నూటికి 19 పాళ్ళు లోటు. విత్తు విత్తి మింటివంక చూచిన రైతు ఎవరిని అడుగవలెను? లెక్క కట్టినవారు అసమర్థులా? లేక ఆ లెక్కయందే ఏదో మర్మమున్నదా?

ఆస్కారు రాజు బహుమానము

ఆ మర్మము మొదట కనబడినది వానలో కాదు, ఆకాశముననే. స్వీడన్ నార్వేల ప్రభువైన రెండవ ఆస్కారు తన 60వ జన్మదినము సందర్భముగా, 1889 జనవరికి, గణితవేత్తలకు ఒక పోటీ ఏర్పరచెను. ఒకదానినొకటి ఆకర్షించుకొను అనేక గోళముల గతిని సర్వకాలములకు చెప్పగల సూత్రము కావలెనని అందలి ప్రధాన ప్రశ్న. ఫ్రాన్సు దేశీయుడు హెన్రీ పాయింకరే బహుమానము గెలిచెను. గ్రంథము అచ్చగుచుండగా ఆతని వాదమున ఒక లోపము బయటపడెను. బహుమానము 2,500 క్రౌనులు. లోపమున్న ప్రతులను వెనుకకు తీసికొని మరల అచ్చొత్తించుటకు ఆతడు చెల్లించినది 3,500 క్రౌనులకు పైమాటే. జమకంటె ఖర్చే ఎక్కువ!

కాని ఆ ఖర్చు వ్యర్థము కాలేదు. లోపమును దిద్దుచు 1890లో ఆతడు ప్రకటించిన విషయమిది: గోళములు మూడే యైనను, వాటి త్రోవలు కొన్ని యెడల ఎంతగా పెనవేసికొని పోవుననగా, ఆ చిక్కును బొమ్మ గీయుటయే అలవి కాదు. ఇంచుమించు ఒకేచోట బయలుదేరిన రెండు త్రోవలు కొంతకాలమునకు పొంతనలేక విడిపోవచ్చును. నియమమున్నంత మాత్రమున భవిష్యత్తు చేతికి చిక్కదని నిర్ధారణగా తెలిసినది అప్పుడే.

మూడంకెల కథ

ఆ పిమ్మట 70 ఏండ్లకు, 1961లో, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఎడ్వర్డ్ లోరెంజ్ అను వాతావరణ పండితుడు గణనయంత్రముపై ఒక కృత్రిమ వాతావరణమును నడిపించుచుండెను. అందు 12 సమీకరణములు. ఒకనాడు పాత లెక్కను నడుమ నుండి మరల నడిపింపదలచి, యంత్రము అచ్చొత్తిన కాగితము నుండి అంకెలను ఎక్కించెను. యంత్రము లోపల దాచుకొన్న సంఖ్య 0.506127. కాగితముపై అచ్చుపడినది 0.506 మాత్రమే. కొంతదూరము రెండు లెక్కలు జంటయెద్దులవలె నడచినవి. అటుపిమ్మట క్రమముగా విడి, ఆ కృత్రిమ వాతావరణపు రెండు నెలలు గడచునప్పటికి ఒకదానికి మఱియొకదానికి పోలికయే లేకపోయెను.

గ్రామ లెక్కలు వ్రాయువారికి అంకె విడుచుట క్రొత్త కాదు. అడంగలులో ఒక తుండు 2 ఎకరముల 37½ సెంట్లని తేలినచో, అరసెంటును విడుతుము. వేయి తుండ్లలో అట్లు విడిచినను పోవునది అయిదెకరములు, అంతకు మించదు. మన ఆళ్ళగడ్డ శిల్పి కొలత వెంట్రుకవాసి తప్పినచో, విగ్రహమునను వెంట్రుకవాసియే తప్పును. ఇట్టి లెక్కలలో దోషము కూడుచు పోవును, పిల్లలు పెట్టదు.

లోరెంజ్ లెక్కలో దోషము పిల్లలు పెట్టెను. ఆతడు విడిచినది నాలుగువేలలో ఒక పాలు. అది సుమారు నాలుగు దినముల కొకమారు రెట్టింపగుచు వచ్చెను. రెండు, నాలుగు, ఎనిమిది, పదునాఱు అని లెక్కించుడు: 12 మారులు రెట్టించినచో 4,096. అనగా 48 దినములలో ఆ నాలుగువేలవ పాలు పూర్ణమైపోయినది! చదరంగపు గడులలో గింజల కథ వినినవారికి ఇది వింత కాదు. నిజమైన వాతావరణమున ఈ రెట్టింపు రెండు మూడు దినములకే జరుగును. కావుననే లోకమున నెంతటి యంత్రమున్నను, ఫలానా నాడు వాన పడునని రెండు వారములకు మించి చెప్పుట సాధ్యమగుట లేదు.

గానుగయు, కళ్ళములును

ఇంతవరకు చెప్పినది నిరాశాజనకము. ఇక చెప్పబోవునది అట్లు కాదు.

గిన్నెలో గోలీని ఎట్లు విసరినను తుదకు అడుగున నిలుచును. ఆ అడుగు దానిని ఆకర్షించు బిందువు. గానుగెద్దును ఒకింత ప్రక్కకు త్రోసినను మరల తన చుట్టునకే వచ్చును. ఆ చుట్టు దాని ఆకర్షణరేఖ. ఇట్లు వ్యవస్థ తుదకు చేరి తిరుగు స్థానమునకు ఆకర్షకమని పేరు. బిందువు, చుట్టు అను ఈ రెండు విధములే లోకులెఱిగినవి.

1963లో లోరెంజ్ తన 12 సమీకరణములను విడిచి, అడుగున వేడి తగిలిన ద్రవము పొర్లుటకు సంబంధించిన మూడే సమీకరణములను గ్రహించెను. పొయ్యిమీది గంజి ఒక ప్రక్క లేచి మఱియొక ప్రక్క క్రుంగును గదా! ఆ పొర్లు కుడికి తిరుగవచ్చును, ఎడమకు తిరుగవచ్చును. ఈ మూడు రాశుల నడకను బొమ్మగా గీచినపుడు ఆతనికి కనబడినది మూడవ విధపు ఆకర్షకము.

దానిని మన కంటికి కట్టునట్లు చెప్పెదను. ప్రక్కప్రక్కన రెండు కళ్ళములున్నవనుకొనుడు. ఒక యెద్దు కుడి కళ్ళమున తిరుగుచున్నది. ప్రతి చుట్టుకు కొంచెము వెలికి జరుగును. అంచు దాటగానే ఎడమ కళ్ళములోనికి పోవును. ఎంత దూరము వెలికి వచ్చెనో, దానినిబట్టి అచ్చట ఎంత లోపలికి చేరునో ఏర్పడును. అచ్చటను అట్లే తిరిగి మరల ఇటు వచ్చును. ఇచ్చట మూడు చుట్లు, అచ్చట ఒకటి, మరల ఇచ్చట ఏడు. ఈ వరుస ఎన్నడును ఒకే తీరున తిరిగి రాదు. ఎద్దు తన పాతయడుగులో మరల అడుగు మోపదు. అయినను ఆ రెండు కళ్ళములను విడిచి పోదు. చూచుటకు ఆ బొమ్మ ఱెక్కలు విప్పిన సీతాకోకచిలుకను పోలియుండును. 1971లో రుయెల్, టేకెన్స్ అను పండితులు ఇట్టివాటికి 'వింత ఆకర్షకము' లని పేరిడిరి.

మడతల రహస్యము

వస్తువును చింపక, అతుకక, ఎంత సాగదీసినను వంచినను మారని గుణములను విచారించు గణితమునకు టోపాలజీ యని పేరు. మట్టిముద్దను గిన్నెగా మలచవచ్చును. కడియముగా మలచుటకు నడుమ రంధ్రము చేయక తప్పదు. ఆ రంధ్రమే దాని నిజస్వరూపము. లోరెంజ్ ఆకర్షకమున అట్టి రంధ్రములు రెండు, ఒక్కొక్క ఱెక్క నడుమ నొకటి.

ఇందొక సూక్ష్మమున్నది. నియమబద్ధమైన త్రోవ తన్ను తాను ఖండించి దాటరాదు. దాటినచో ఆ కూడలియొద్ద ఎటు పోవలెనను సందేహము కలుగవలెను, నియమమునకు సందేహముండదు. కావున చదునైన తలముపై త్రోవకు గతులు రెండే: బిందువునకు చేరుటయో, చుట్టుగా తిరుగుటయో. మూడవ దిక్కు, అనగా ఎత్తు, ఉన్నపుడు ఒక త్రోవ మఱియొకదానిపై నుండి పోవచ్చును. కల్లోలమునకు మూడు రాశులు కావలసినది ఇందువలన. రెండు కళ్ళముల నుండి వచ్చు పొరలు నడుమ కలిసినట్లు కంటికి తోచును. కాని నిజముగా కలియరాదు. కలిసినచో ఒకే స్థితికి రెండు గతచరిత్ర లేర్పడును. కావున ఒక పొరయని తోచినది రెండు. ఆ రెండు నాలుగు. అట్లు అంతులేని పొరలు. మడతకాజా చేయువారు పిండిని సాగదీసి మడతురు. ఒక మడతకు 2 పొరలు, పది మడతలకు 1,024. పిండిలో ప్రక్కప్రక్కనున్న రెండు కణములు ఏ పొరకు చేరునో ఎవరు చెప్పగలరు? సాగదీయుట దోషమును రెట్టించును. మడచుట దానిని కాజా దాటి పోనీయదు. కల్లోలమంతయు ఈ రెండు క్రియలలోనే యున్నది.

మన నంద్యాల వారికి మడతలు పరాయివి కావు. నంద్యాల కృష్ణమరాజునకు కళాపూర్ణోదయమును అంకితమొసగిన పింగళి సూరన, కథలో కథను మడచి, ముందు జరిగినదాని అర్థము వెనుక తెలియునట్లు కూర్చినవాడు. రాఘవపాండవీయమున ఒకే పద్యమున రామకథను, భారతకథను నడిపించినవాడు. ఒకే సూత్రము రెండు త్రోవల నడచుటలోని సొగసు మన పూర్వులు సాహిత్యమున చవిచూచినదే. గణితమున అది పండుటకు కాలము పట్టెను.

యంత్రము చూపిన ఈ బొమ్మ నిజమా, లేక అంకెలను కత్తిరించుటచే పుట్టిన భ్రమయా అను శంక చాలకాలము మిగిలియుండెను. 1979లో గుకెన్‌హైమర్, విలియమ్స్ అనువారు దాని ఆకారమునకు ఒక గణితమూర్తిని కల్పించిరి. లోరెంజ్ సమీకరణములలో నిజముగా అట్టి ఆకర్షకమున్నదని 1999లో నిరూపించినది స్వీడన్ దేశపు ఉప్సాలాకు చెందిన వార్విక్ టక్కర్. ఆతని పద్ధతి లెక్కలవారు మెచ్చదగినది: ప్రతి సంఖ్యను ఒక్క అంకెగా కాక, 'ఇంతకు తక్కువ కాదు, ఇంతకు ఎక్కువ కాదు' అని రెండు హద్దులతో వ్రాసి, ఆ హద్దులను తుదివరకు మోసికొనిపోయెను. అంకె విడుచుటవలన బయటపడిన వింతను, విడిచిన దెంతయో లెక్క చెప్పుటవలన రుజువు చేసిరి.

ఋతుపవనముల రెండు కళ్ళములు

ఇక మన చేలలోనికి వత్తము. జూన్ నుండి సెప్టెంబరు వరకు వాన ఒకే తీరున కురియదు. కొన్నిదినములు ఉద్ధృతి, కొన్నిదినములు విరామము. ఎఱ్ఱమల నల్లమలల నడుమ కుందూ పారు మన నేలలో, విత్తిన పిమ్మట వచ్చు విరామమే రైతు కొంప తీయును. ఉద్ధృతి యొక కళ్ళము, విరామము మఱియొక కళ్ళము అని భావించి, 1994లో టిమ్ పామర్ అను ఆంగ్లేయ పండితుడు భారత జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. లోరెంజ్ సమీకరణములకు వెలినుండి కొద్దిపాటి ఒత్తిడి చేర్చినచో ఏమగును? కళ్ళములు రెండును అట్లే యుండును. ఎద్దు ఎప్పుడు దాటునో అప్పుడును తెలియదు. కాని ఒక కళ్ళమున గడపు కాలము పెరుగును, రెండవదానిలో తగ్గును. ఆ ఒత్తిడి పసిఫిక్ సముద్రపు వేడిమి వంటిది. దానినే నేడు ఎల్‌నినో యనుచున్నారు. వాకర్ చూచిన త్రాసు మఱల ఇచ్చట కనబడుచున్నది. ఉష్ణమండలమున ఋతువు మొత్తపు పోకడను సముద్రాదులు శాసించుననియు, కావున దినము తెలియకున్నను ఋతువు కొంత తెలియుననియు చార్నీ, శుక్లాలు 1981లోనే వాదించియుండిరి.

2009వ సంవత్సరము ఎల్‌నినో సంవత్సరము. దేశమున వర్షపు లోటు నూటికి 22. అట్టి కరవు సంవత్సరమున, అక్టోబరు 2వ తేదీన, తుంగభద్రా హంద్రీలు పొంగి కర్నూలు నగరము మునిగెను; శ్రీశైలము జలాశయమునకు దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చెను. ఒత్తిడి విరామము వైపునకే యున్నను, రెండవ కళ్ళము మాయమై పోలేదని చెప్పుటకు ఇంతకంటె దృష్టాంతమేల? అయితే చదువరులు ఒకటి మఱువరాదు. నిజమైన వాతావరణము మూడు రాశుల బొమ్మ కాదు. లెక్కకు మిక్కిలి రాశులు గలది. లోరెంజ్ బొమ్మ దానికి ప్రతిబింబము కాదు, పోలిక మాత్రమే.

ఇప్పుడు ఉగాదినాటి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. గ్రహగతులును ఈ కల్లోలమునకు వెలియైనవి కావు. జాక్ లాస్కర్ అను ఫ్రెంచి పండితుడు 1989లో చూపినదేమనగా, భూమి స్థానమున నేడు 15 మీటర్ల పొరపాటున్నచో, కోటి యేండ్లకు అది 150 మీటర్లగును. పదికోట్ల యేండ్లకు 15 కోట్ల కిలోమీటర్లగును. అనగా గ్రహణపు లెక్కయు తప్పును; కాని కోట్ల యేండ్లకు. వాన లెక్క వారములలో తప్పును. రెండింటికిని ధర్మమొకటే, దోషము పెరుగు వేగము వేఱు. పంచాంగకర్త గ్రహణము చెప్పగలిగినందున వానయు చెప్పగలడని నమ్ముట ఒక పొరపాటు. వాన చెప్పలేకపోయినందున శాస్త్రమే బూటకమనుట రెండవ పొరపాటు.

మనకు ఫలమేమి?

మొదటిది, దినమును గాక ఆకారమును నమ్ముకొనుట. 1992 నుండి ఐరోపాలోను, అమెరికాలోను వాతావరణ శాఖలు ఒక్క లెక్కకు బదులు, స్వల్పభేదములతో అనేక లెక్కలను ఏకకాలమున నడిపించుచున్నవి. మన దేశమున 2018 నుండి 12 కిలోమీటర్ల గడులపై ఈ విధానము నడచుచున్నది. లెక్కలన్నియు ఒకే త్రోవ పట్టినచో ధైర్యముగా చెప్పుదురు. చెదరిపోయినచో అవకాశము నూటికి ఇంత యని చెప్పుదురు. 'నూటికి 70' అని విని వాన రానిచో శాఖ అబద్ధమాడెనని తిట్టరాదు. అట్లు చెప్పిన నూఱు మారులలో ముప్పదిమారులు వాన రాకుండుటయే ఆ లెక్కకు సత్యము.

రెండవది, ఏ కళ్ళమునకైనను సిద్ధపడుట. 1906లో ఏర్పడిన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానమునుండి వెలువడిన సూర్యనంది కొఱ్ఱ వంటి స్వల్పకాలిక వంగడములు మూడు నెలలలోపే చేతికి వచ్చును. తొలి విత్తు విరామమున చచ్చినను, రెండవమారు విత్తుటకు అట్టివి ఆధారము. వాన వచ్చు దినము తెలియని చోట, నేలను బట్టి పలువిధముల పైరు వేసిన మన పూర్వులు ఆకర్షకముల పేరెఱుగకున్నను వాటి పోకడ నెఱిగినవారే.

మూడవది మన గ్రంథాలయమునకు చెందినది. 1981లో టేకెన్స్ నిరూపించిన ఒక సిద్ధాంతము ప్రకారము, వ్యవస్థలోని రాశులన్నియు తెలియకున్నను, ఒక్కదానిని సమకాలములలో ఎడతెగక వ్రాసియుంచినచో, ఆ ఒక్క వరుస నుండియే మొత్తపు ఆకారమును మరల కట్టవచ్చును. వాతావరణము వంటి మహావ్యవస్థకు ఒక ఊరి పద్దు ఎంతమాత్రము చాలదు. అయినను ఎక్కడెక్కడి పద్దులు కూడియే వాకర్ లెక్క అయ్యెను. కావున మన గ్రంథాలయము ఒక వర్షమాపకమును, ఒక దస్తరమును ఏర్పరచుట మంచిదని నా మనవి. వాతావరణశాఖవారి పద్ధతిని ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు కొలిచి వ్రాయవలెను. వాన లేని నాడు సున్న వ్రాయవలెను. ఆ సున్నయు సమాచారమే. కొలువని నాడు ఊహించి నింపక ఖాళీగా విడువవలెను. ఏ యంకెను గుండుగా సవరింపరాదు; విడిచిన మూడంకెలు చేసిన పని మనము చూచితిమి గదా.

పుస్తకము చదువుటతోపాటు పుస్తకమునకు ఒక పుట చేర్చుటయు గ్రంథాలయ ధర్మమే. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ సంస్థ స్వర్ణోత్సవమునకు చేరునాటికి, ఆ సంచికలో మన ఊరి వాన 25 ఏండ్ల పద్దుగా, ఒక్క దినమును తప్పక, అచ్చుపడుగాక!